అక్క చెప్పాల్సిన కబురు

2022 వేసవి. నార్త్ కరొలైనాలో, మోరిస్‌విల్‌కి దగ్గర్లోనే ఉన్న ఒక క్యాన్సర్ సెంటర్‌లో నేను జెనెటిక్ కౌన్సెలర్‌ని. ఇప్పటికీ అక్కడే పనిచేస్తున్నాను. క్యాన్సర్ వచ్చినవాళ్ళకి అది వంశంలో దిగివస్తున్న రకమా, కాదా అని పరీక్ష చేయించి, ఫలితాన్ని వాళ్ళకి అర్థమయ్యేలా చెప్పి, ఇంట్లో ఇంకెవరు జాగ్రత్తపడాలో చూడడం నా పని. మందులు రాయను, కత్తి పట్టను. అందుకే మన తెలుగువాళ్ళ పార్టీల్లో "ఇంతకీ మీరు డాక్టరా, కాదా?" అన్న ప్రశ్న నాకు తప్పదు. కాదని చెప్పగానే అడిగినవాళ్ళ చూపు నన్ను దాటి పక్కనున్న అసలు డాక్టర్ మీదికి వెళ్ళిపోతుంది.

ఒక మాట ముందే చెప్పేస్తాను. నాకు అసూయ ఎక్కువ. దీపావళికి మా ఆంకాలజిస్టు టేబుల్ మీద స్వీట్ బాక్సులు పేరుకుపోతుంటే నా కడుపు భగ్గుమంటుంది. సాయంత్రం ఆవిడే జాలిపడి ఒక కాజూ బర్ఫీ తెచ్చి ఇస్తే, అది తింటూ కూడా ఏడుస్తాను. ఈ గుణం వల్ల నా ఒంటికి చేటే తప్ప ఇంకెవరికైనా పనికొస్తుందని స్వర్ణ వచ్చేదాకా నాకు తెలియదు.

స్వర్ణ అసలు పేరు వేరు. ఖమ్మం వైపు మనిషి, అప్పటికి నలభై ఒకటి దాటింది, ఒక ఐటీ కంపెనీలో టెస్టింగ్ టీమ్‌కి లీడ్. రొమ్ము క్యాన్సర్, అదీ హార్మోన్ మందులకి లొంగని రకం. ఆ వయసులో ఆ రకం కనబడితే జన్యు పరీక్ష తప్పనిసరి. అందుకే ఆంకాలజిస్టు నా దగ్గరికి పంపింది. పంపుతూ రాసిన నోట్‌లో ఫ్యామిలీ హిస్టరీ ఏమీ లేదని ఉంది.

మా పని పెడిగ్రీతో మొదలవుతుంది. అంటే కుటుంబాన్ని బొమ్మగా గీయడం. మగవాళ్ళకి చతురస్రాలు, ఆడవాళ్ళకి వృత్తాలు, క్యాన్సర్ వచ్చినవాళ్ళ గుర్తు నల్లగా నింపుతాం. స్వర్ణ అమ్మ వైపు అంతా తెల్లగానే ఉంది. అమ్మమ్మ తొంభై దాటి బతికింది, పిన్నులకి షుగర్ తప్ప ఇంకేమీ లేదు. నాన్న వైపుకి వచ్చేసరికి నాన్న ఒక్కడినే చెప్పి ఆగిపోయింది.

"నాన్నగారికి అక్కచెల్లెళ్ళు లేరా?" అన్నాను.

"ఉండేవాళ్ళండి, ఇద్దరు. కానీ మీరు ఫ్యామిలీ అన్నరు కదా. వాళ్ళు పెళ్ళిళ్ళయి వేరే ఇంటికి పోయిన్రు."

"ఇప్పుడు లేరా?"

"లేరు. పెద్దత్తయ్య కడుపులో నీళ్ళొచ్చి పోయింది. చిన్నత్తయ్యకి రొమ్ములో గడ్డ. ఎందుకండి?"

నేను పెన్ను కింద పెట్టేశాను. ఆడవాళ్ళకి కడుపులో నీరు చేరడం చాలాసార్లు అండాశయ క్యాన్సర్ ముదిరిందనడానికి గుర్తు. ఒకే తండ్రి పిల్లల్లో ఒకరికి అండాశయం, ఒకరికి రొమ్ము. ఇంత పెద్ద చరిత్ర పెట్టుకుని, ఏమీ లేదని రాయించుకుంది ఈ మనిషి. తప్పు ఆమెది కాదు. మన వాళ్ళ దగ్గర ఇది తరచూ చూస్తాను. మేనత్త ఏ పెళ్ళికి ఏ చీర కట్టిందో, ఎవరితో ఎందుకు మాటలు మానేసిందో గడగడా చెబుతారు. కానీ ఆవిడ ఇంటిపేరు మారిపోయింది కనుక ఆవిడ జబ్బు కూడా ఆ ఇంటి జబ్బే. పైగా రొమ్ము క్యాన్సర్ అంటే అమ్మ వైపు నుంచే రావాలని గట్టి నమ్మకం. నాన్న వైపు ఎవరూ తొంగిచూడరు.

కొద్ది వారాలకి ఫలితం వచ్చింది. బ్రాకా-1 అనే జన్యువులో హాని చేసే మార్పు ఉంది. మన ఒంట్లో కణం రెండుగా విడిపోయేటప్పుడు లోపలి డీఎన్ఏలో పొరపాట్లు జరుగుతూనే ఉంటాయి. వాటిని ఎప్పటికప్పుడు సరిదిద్దే జన్యువుల్లో బ్రాకా-1 ఒకటి. అమ్మ నుంచి ఒక ప్రతి, నాన్న నుంచి ఒక ప్రతి వస్తాయి. ఒకటి పుట్టుకతోనే పాడైనది వచ్చి, ఎప్పుడో ఒక కణంలో రెండోది కూడా దెబ్బతింటే, ఆ కణంలో ఇక దిద్దే నాథుడుండడు. అక్కడ మొదలవుతుంది క్యాన్సర్.

"మా నాన్నకి ఏం రాలేదు కదండి. డెబ్బై దాటినయి, రోజూ వాకింగ్ చేస్తడు" అంది స్వర్ణ. ఆ మార్పు మగవాళ్ళని చాలాసార్లు ఏమీ చేయకుండా వదిలేసి, వాళ్ళ నుంచి కూతుళ్ళకి దిగుతుందని చెప్పాను. అలా దిగే అవకాశం ప్రతి బిడ్డకీ సగానికి సగం. ఒకరిలో మార్పు దొరికాక రక్తసంబంధీకులందరికీ వరసగా పరీక్ష చేయించడాన్ని మేము క్యాస్కేడ్ టెస్టింగ్ అంటాం. స్వర్ణకి ఒక చెల్లెలుంది. ఆమెను కీర్తి అందాం. ముప్పై ఏడేళ్ళు, ఇద్దరు పిల్లలు, జార్జియాలో కమ్మింగ్‌లో ఉంటుంది.

నాకు కీర్తి గురించే భయం. రొమ్ముకి మామోగ్రామ్ ఉంది, ఎమ్మారై ఉంది. అండాశయ క్యాన్సర్‌ని ముందుగా పట్టుకునే నమ్మకమైన పరీక్ష ఇప్పటిదాకా లేదు. కడుపు ఉబ్బి, బట్టలు బిగుతై, మనిషి డాక్టర్ దగ్గరికి వెళ్ళేసరికి చాలామందిలో అది పాకిపోయి ఉంటుంది. మార్పు ఉందని ముందే తెలిస్తే మాత్రం, ఆ వయసులో, పిల్లలు పుట్టేశాక, అండాశయాలూ ట్యూబులూ తీసేసి ఆ ముప్పుని చాలావరకు తప్పించవచ్చు. తెలియాలంటే అక్క చెప్పాలి. ఇంకో దారి లేదు.

చెల్లెలికి ఎప్పుడు చెబుతారని అడిగాను. చెప్పనంది.

మొదట సిగ్గనుకున్నాను. ఇక్కడి మన వాళ్ళు క్యాన్సర్‌ని దాచిపెట్టడంలో ఆరితేరినవాళ్ళు. విగ్గు పెట్టుకుంటారు, ప్రాజెక్ట్ బిజీ అంటారు, వీడియో కాల్‌లో కెమెరా ఆపేసి నెట్ బాగాలేదంటారు. స్వర్ణ కూడా అవన్నీ చేస్తోంది. కానీ ఆమె దాచడానికి కారణం సిగ్గు కాదు. అడగ్గా అడగ్గా చెప్పింది, చెప్పడం మొదలుపెట్టాక ఆపలేదు. తను ముందే ఎమ్మెస్ చదవడానికి వచ్చింది, చెల్లెలు ఎన్నో ఏళ్ళ తర్వాత పెళ్ళి చేసుకుని వచ్చింది. చెల్లెలి భర్త మేనేజర్ హోదాలో ట్రాన్స్‌ఫర్ మీద వచ్చాడు కనుక వాళ్ళకి గ్రీన్ కార్డ్ చకచకా వచ్చేసింది. స్వర్ణ, ఆమె భర్త ఇంకా క్యూలోనే ఉన్నారు. హెచ్-వన్ వీసా మీద ఉన్నవాళ్ళకి ఉద్యోగం పోతే ఇన్సూరెన్సూ పోతుంది, ఈ దేశంలో ఉండే వీలూ పోతుంది. అందుకే స్వర్ణ కీమో మర్నాడు కూడా లాప్‌టాప్ ముందు కూర్చునేది, ఒళ్ళో బకెట్ పెట్టుకుని. అమ్మానాన్నలు వస్తే ఎక్కువ రోజులు కమ్మింగ్‌లోనే. అక్కడ కింద బెడ్‌రూమ్ ఉంది, మెట్లెక్కక్కర్లేదు. అప్పుడు కూడా వాళ్ళు అక్కడే ఉన్నారు.

"చిన్నప్పుడు మా అమ్మ నాకు జడేసుకుంట దాని జుట్టు మెచ్చుకునేది" అంది. "ఇప్పుడు నా గుండు చూసి అది జాలిపడాల్నా? అది జాలిపడితే నేను బతకలేనండి."

ఇలాంటప్పుడు మేము చెప్పే మాట ఒకటుంది. ఇది మీరు మీ వాళ్ళకి ఇచ్చే కానుక అంటాం. నేనూ అదే అన్నాను. దానికి ఇప్పటికే చాలా కానుకలొచ్చినయి అని లేచి వెళ్ళిపోయింది.

నేనే కమ్మింగ్‌కి ఒక ఫోన్ కొడితే సరిపోదా అనిపిస్తుంది ఎవరికైనా. కుదరదు. పేషెంట్ అనుమతి లేకుండా సొంత చెల్లెలితో కూడా నోరు విప్పడానికి వీల్లేదు. స్వర్ణ నా పేషెంట్ అన్న సంగతి కూడా బయటపడకూడదు. స్వర్ణ ఊరుకున్నంతకాలం నేనూ ఊరుకోవాలి.

ఆ ఆగస్టులో మా తోడికోడలి కూతురి ఓణీల ఫంక్షన్‌కి కమ్మింగ్ వెళ్ళాను. పెద్ద బాంకెట్ హాలు, చిన్న పెళ్ళంత హంగామా. ఆ పిల్లకి పూలజడ కుడుతున్న ఒకావిడ నా కంటబడింది. నడుము దాటిన జుట్టు, నవ్వితే కుడిబుగ్గన సొట్ట. పని అయ్యాక వచ్చి మా టేబుల్ దగ్గరే కూర్చుంది. మాది మోరిస్‌విల్ వైపని తెలిసి మొహం విప్పారింది. మా అక్క కూడా అక్కడేనండి అని పేరు చెప్పింది. అది స్వర్ణ అసలు పేరే. మొహంలో ఏమీ కనబడనివ్వలేదు. అక్కడ తెలుగువాళ్ళు చాలామందే ఉన్నారులెండి అన్నాను.

"అక్కకి అస్సలు టైమే దొరకదండి. వీడియో కాల్ చేద్దామంటే నెట్ బాగలేదంటది. నా మీద ఏమన్న కోపమో ఏమో" అంది కీర్తి. మీరేం చేస్తారని అడిగింది. హాస్పిటల్లో పనిచేస్తానని చెప్పి, నీళ్ళ గ్లాసు అందుకున్నాను. వాళ్ళ నాన్నని చూపించింది. అవతలి టేబుల్ దగ్గర ఒక పెద్దాయన రెండోసారి బొబ్బట్లు వడ్డించుకుని హాయిగా తింటున్నాడు. తన ఒంట్లో ఏముందో, అది ఎవరెవరికి పంచాడో ఆయనకి తెలియదు.

నిజం చెప్పాలంటే కీర్తిని చూస్తే నాకే ఒళ్ళు మండింది. ఆ జుట్టు, ఆ నవ్వు, హాల్లో ఎవరిని పిలిచినా పలికే ఆ కలుపుగోలుతనం, "మమ్మీ" అంటూ వచ్చి వెనకనుంచి మెడ చుట్టేసుకున్న ఆ పిల్లలు. పావుగంట పరిచయంలోనే నాకిలా ఉంటే, ఒకే ఇంట్లో పక్కన పెరిగిన స్వర్ణకి ఎలా ఉండాలి? అదే సమయంలో భయమూ వేసింది. నవ్వుతూ నాకు పెరుగన్నం తెచ్చిపెడుతున్న ఈ మనిషి కడుపులో ఏమున్నదో ఎవరికి తెలుసు? చెప్పేస్తే పోయేది నా ఉద్యోగం, అంతేగా అని కూడా అనిపించింది. పళ్ళ బిగువున ఊరుకుని ఆ రాత్రికే ఫ్లైట్ ఎక్కాను.

తర్వాతి వారం స్వర్ణ కీమోకి వచ్చినప్పుడు నా గదికి పిలిచాను. ఇలా మీ చెల్లెలు కనబడింది, నేనేమీ చెప్పలేదు అన్నాను. ఆమె తలకి కట్టిన స్కార్ఫ్ అంచు నలిపింది.

"ఎట్లుంది?"

"బాగుంది."

"లావయిందా?"

"లేదు."

"కాదు. అది ఏం తిన్నా కాదు."

మళ్ళీ కానుక పాట ఎత్తుకోవాలనిపించలేదు. మా వృత్తిలో పేషెంట్‌ని ఏ నిర్ణయం వైపూ తోయకూడదని నేర్పుతారు, నాన్-డైరెక్టివ్‌గా ఉండాలంటారు. ఆ రోజు నాకు అంత ఓపిక లేదు.

"ఆమెకి లేకపోనూవచ్చు స్వర్ణ గారూ. సగం సగమే కదా" అన్నాను.

"లేదు. రాసిస్త. మంచిదేదన్నా దానికే వస్తది, చెడ్డదేదన్నా నాకే వస్తది."

"అంత నమ్మకముంటే టెస్ట్ చేయించుకోమనండి. తేలిపోతుంది."

ఆమె తలెత్తి నన్ను చూసింది. ఆ చూపు నాకు బాగా తెలుసు, అద్దంలో చాలాసార్లు చూశాను.

"తేలాలనే ఉంది" అంది. "దానికీ ఉండాలని ఉంది. నాకొక్కదానికే ఎందుకుండాలె? నా మీద అసహ్యం వేస్తుందా మీకు?"

"లేదు. నేనూ ఇంట్లో పెద్దదాన్నే."

చిన్నగా నవ్వింది. స్కార్ఫ్ ఊడదీసి ఒళ్ళో పెట్టుకుంది, ఫోన్ తీసి అక్కడికక్కడే వీడియో కాల్ చేసింది. నేను లేవబోతే ఉండమని చెయ్యి ఊపింది. కీర్తి వంటింట్లో ఉన్నట్టుంది, కుక్కర్ కూత వినబడింది.

"ఏందక్కా ఇది? జుట్టేది?"

స్వర్ణ ఆఫీస్‌లో స్టేటస్ చెప్పినట్టు చెప్పుకుపోయింది. క్యాన్సర్, కీమో నడుస్తోంది, నాన్న వైపు నుంచి వచ్చింది, అత్తయ్యలిద్దరికీ అదే, నీకూ ఉండొచ్చు, టెస్ట్ చేయించుకో. కీర్తి ఏడుస్తూ, ఎప్పటి నుంచి, నాకెందుకు చెప్పలేదు, ఇప్పుడే కారెక్కి వస్తున్నా అంటోంది. రావద్దంది స్వర్ణ.

"ముందు టెస్ట్ చేయించుకో. లేదని తేలితే ఫోన్ చెయ్యకు, మెసేజ్ పెట్టు."

"ఎందుకక్కా?"

"నీ గొంతులో సంతోషం వినలేను."

కీర్తి ఏడుపు ఆగిపోయింది. కళ్ళు తుడుచుకుని సరే అంది. ఆమెకి కోపం రాలేదు. అక్క ఏమిటో ఆమెకి ఎప్పటి నుంచో తెలుసుననుకుంటాను.

సెప్టెంబర్ చివర్లో ఒక మధ్యాహ్నం స్వర్ణ నుంచి నా క్లినిక్ లైన్‌కి కాల్ వచ్చింది.

"అది ఫోన్ చేసిందండి" అంది. అంతే అంది.

ఏం మాట్లాడాలో తోచక నేను సైన్సు మొదలుపెట్టాను. మీరు కోరుకోవడం వల్ల రాలేదు, కీర్తి మీ అమ్మగారి కడుపులో పడ్డ రోజే తేలిపోయిన సంగతి, అప్పటికి మీరు ఇంకా బడికి కూడా వెళ్ళని పసిపిల్ల అన్నాను. నాకు తెలుసండి అంది. తెలిసినా ఏడ్చింది. నేను లైన్ మీదే ఉన్నాను. బయట నా తర్వాతి పేషెంట్ కూర్చుని ఉందని నర్సు వచ్చి తలుపు దగ్గర నుంచి సైగ చేసి వెళ్ళింది.

కీర్తి ఆలస్యం చేయలేదు. సంక్రాంతి లోపే అట్లాంటాలో సర్జరీ చేయించుకుంది. తీసిన ట్యూబుల్ని ఇలాంటివాళ్ళ విషయంలో పాథాలజిస్టులు చాలా సన్నగా కోసి, ప్రతి ముక్కనీ మైక్రోస్కోపు కింద చూస్తారు. ఒక ట్యూబు చివర, కంటికి ఆనని చోట, క్యాన్సర్ కణాల చిన్న మచ్చ దొరికింది. అక్కడ పుట్టి ఇంకా బయటికి అడుగు పెట్టలేదు. ఏ స్కాన్‌లోనూ అది కనబడేది కాదు. మిగతా పరీక్షలన్నీ చేసి, ఎక్కడికీ పాకలేదని తేల్చారు. ఇంకొన్నేళ్ళు ఆగి ఉంటే ఏమయ్యేదో పెద్దత్తయ్యని తలచుకుంటే చాలు.

ఆ రిపోర్ట్ వచ్చిన రోజున స్వర్ణ అక్కడే ఉంది. తన రేడియేషన్ అయిపోయిందో లేదో, కారు తీసుకుని కమ్మింగ్ వెళ్ళింది. చెల్లెలికి పథ్యం వండింది, పిల్లల్ని స్కూల్‌కి దింపింది, నాన్నని కూర్చోబెట్టి ఇందులో ఆయన తప్పేమీ లేదని నచ్చజెప్పింది. అక్కడి నుంచే మేనత్తల కూతుళ్ళందరికీ, ఇన్నాళ్ళూ వేరే ఇంటివాళ్ళనుకున్నవాళ్ళకి, హైదరాబాద్ దాకా ఫోన్లు చేసింది. వాళ్ళలో ఇద్దరికి మార్పు ఉందని తేలింది, ఇప్పుడు జాగ్రత్తలో ఉన్నారు.

పోయిన ఏడాది స్వర్ణ చెకప్‌కి వచ్చి నా గదిలోకి తొంగిచూసింది. స్కాన్లు శుభ్రంగా ఉన్నాయి. జుట్టు మళ్ళీ వచ్చింది, అంతకుముందు లేని రింగులతో. కీర్తి ఎలా ఉందని అడిగాను.

"మంచిగుంది. కలిసిన ప్రతివాళ్ళకి మా అక్క వల్లనే బతికిన అని చెప్తది."

"మీకెలా ఉంది అది వింటుంటే?"

"అది బతికినందుకు సంతోషమేనండి. ఒట్టు. కానీ ఇప్పటికీ దాన్ని చూస్తే కడుపు రగుల్తది. దానికి ముందుగాల చెప్పనీకి ఒక అక్క ఉండె. నాకెవరున్నరు?"

ఒక కుటుంబంలో మొట్టమొదట మా దగ్గరికి వచ్చే మనిషిని మా భాషలో ప్రోబాండ్ అంటారు. పెడిగ్రీలో ఆ మనిషి గుర్తు పక్కన ఒక బాణం వేస్తాం. ఆ తర్వాత వచ్చేవాళ్ళంతా ఆ బాణం పుణ్యాన ముందే తెలుసుకుని తప్పించుకుంటారు. ఆ మనిషి ఒక్కతే ఏమీ తెలియకుండా జబ్బులో పడి ఉంటుంది. నేను ఇన్నేళ్ళూ అలాంటివాళ్ళకి బాణం వేసి, వెంటనే చెల్లెళ్ళకి ఎప్పుడు చెబుతారని అడిగాను.

ఇప్పుడు ఫలితం చెప్పాక ఒక్క నిమిషం ఆగుతాను. "మీకిది ముందే ఎవరైనా చెప్పి ఉండాల్సింది" అంటాను. చాలామంది అక్కడే ఏడ్చేస్తారు. చెల్లెళ్ళ సంగతి ఆ తర్వాత మాట్లాడుకుంటాం.